విశాఖలో 34 డిగ్రీల గాలికి, హైదరాబాదులో 40 డిగ్రీల గాలి కంటే పెద్ద ఏసీ ఎందుకు?

సాగరతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుకొనేవారి కోసం మేము హైదరాబాదులో ఒక రీడింగ్ హాలు నడుపుతున్నాము. అరవై కుర్చీలున్న ఆ హాలుకు 7.5 టన్నుల డక్టబుల్ యూనిట్ (గొట్టాల ద్వారా చల్లగాలి పంపే ఏసీ) పెట్టించాము; మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలున్నా లోపల 25 డిగ్రీలు నిలకడగా ఉంటున్నాయి. ఇప్పుడు అదే విస్తీర్ణంలో, అన్నే కుర్చీలతో, విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు దగ్గరగా రెండో హాలు మొదలుపెడుతున్నాము. విశాఖలో ఎండ 34 డిగ్రీలు దాటడమే తక్కువ కనుక హైదరాబాదు కంటే చిన్న యంత్రం సరిపోతుందనుకుంటే, ఏసీ సరఫరాదారు 11 టన్నులు కావాలని కొటేషన్ ఇచ్చారు.

నేను వేసుకొన్న లెక్క ఇది. గోడలు, కిటికీలు, పైకప్పు, దీపాలు, ల్యాప్‌టాప్‌లు అన్నీ కలిపి 8 కిలోవాట్లని ఇంజినీరు ఇచ్చారు. కూర్చుని చదువుకొనే మనిషికి 115 వాట్ల చొప్పున అరవై మందికి 6.9 కిలోవాట్లు. మనిషికి సెకనుకు 8 లీటర్ల చొప్పున బయటి గాలి లోపలికి రావాలన్నారు, అంటే మొత్తం 480 లీటర్లు, పనివారి భాషలో దాదాపు 1,000 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). ఆ గాలిని 34 నుంచి 25 డిగ్రీలకు దించడానికి 1.2 × 480 × 9 సూత్రం ప్రకారం 5.2 కిలోవాట్లు. అంతా కలిపితే 20.1 కిలోవాట్లు, టన్నుకు దాదాపు 3.5 కిలోవాట్ల చొప్పున 5.7 టన్నులు. సరఫరాదారు మాత్రం గాలి వేడినీ తేమనూ కలిపి చూపే సైక్రోమెట్రిక్ చార్టు అనే పెద్ద కాగితం పరచి, దాని మీద మూడు చుక్కలు పెట్టి, రెండు గీతలు గీసి, "చార్టు ఇలా చెబుతోంది" అన్నారు. నా లెక్కకూ ఆయన లెక్కకూ మధ్య ఉన్న 5 టన్నుల తేడా ఆ చార్టులో ఎక్కడుందో, దానితోనే నెలవారీ కరెంటు ఖర్చును కూడా అంచనా వేయవచ్చునో తెలిసినవారు వివరించగలరు.

వాయుగతి ఇచ్చిన జవాబు

సాగరతీరం గారూ, తేడా మొత్తం ఒక్క చోటే ఉంది: మీరు బయటి గాలి ఉష్ణోగ్రతను లెక్కించారు కాని, అందులోని నీటి ఆవిరిని లెక్కించలేదు. 1.2 × లీటర్లు × డిగ్రీల తేడా అనే సూత్రం గాలిని చల్లబరచడానికి పట్టే వేడిని మాత్రమే చెబుతుంది. ఆ గాలిలోని ఆవిరిని ఏసీలోని చల్లటి గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద నీరుగా మార్చడానికి కిలోకు సుమారు 2,500 కిలోజౌళ్ల చొప్పున తీసివేయవలసిన గుప్తోష్ణం గురించి అది ఏమీ చెప్పదు. సముద్రపు ఒడ్డున అసలు భారం ఈ రెండోదే.

చార్టు దగ్గర ఉంటే ఇలా చూడండి. అడుగు గీత మీద 34 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నిలువుగా 70 శాతం సాపేక్ష ఆర్ద్రత వక్రం దాకా పైకి వెళ్లండి. విశాఖలో మే నెలలో సముద్రపు గాలి వీచే మధ్యాహ్నానికి ఈ రెండు విలువలు న్యాయమైనవే. ఆ చుక్క నుంచి అడ్డంగా కుడి అంచుకు వెళితే కిలో పొడి గాలిలో సుమారు 23.7 గ్రాముల ఆవిరి ఉన్నట్టు కనిపిస్తుంది. ఎడమవైపు పైకి వాలిన గీత వెంబడి పోతే ఎంథాల్పీ, అంటే ఆ గాలి మోస్తున్న మొత్తం వేడి, కిలోకు 95.1 కిలోజౌళ్లు. ఇప్పుడు మీ హాలు చుక్క పెట్టండి: 25 డిగ్రీలు, 50 శాతం. అక్కడ ఆవిరి 9.9 గ్రాములు, ఎంథాల్పీ 50.3. రెండింటి మధ్య తేడా 44.8 కిలోజౌళ్లు. హాలు చుక్క నుంచి బయటి చుక్కకు నేరుగా కాకుండా ముందు అడ్డంగా 34 దాకా, తరువాత నిలువుగా పైకి వెళ్లి చూస్తే, అడ్డంగా నడిచిన భాగం దాదాపు 9.2 కిలోజౌళ్లు, నిలువుగా ఎక్కిన భాగం 35.6. మీ సూత్రం పట్టుకొన్నది ఆ అడ్డగీతను మాత్రమే, అంటే మొత్తంలో అయిదో వంతును.

ఆ చుక్క దగ్గర గాలి కిలోకు 0.903 ఘనమీటర్ల చోటు ఆక్రమిస్తుంది కనుక మీ 480 లీటర్లలో సెకనుకు 0.531 కిలోల పొడి గాలి ఉంటుంది. దానిని 44.8 తో గుణిస్తే 23.8 కిలోవాట్లు. మీరు 5.2 అనుకొన్న చోట నిజంగా ఉన్నది ఇది. గోడలు, మనుషులు కలిసిన 14.9 కిలోవాట్లకు దీనిని కలిపితే 38.7 కిలోవాట్లు, అంటే సరిగ్గా 11 టన్నులు. మీ సరఫరాదారు ఆ 34 డిగ్రీలకు 70 శాతం ఆర్ద్రతను ఎక్కడి నుంచి తీసుకొన్నారో అడగవలసి ఉన్నా, గీతలు మాత్రం సరిగ్గానే గీశారు.

ఇక హైదరాబాదు. 40 డిగ్రీలు, 25 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో, ఆ నగరపు ఎత్తుకు తగిన పీడనం దగ్గర, ఆవిరి 12.3 గ్రాములు, ఎంథాల్పీ 72.0. అదే ఎత్తులో 25 డిగ్రీలు, 50 శాతం ఉన్న గదికి 52.0. తేడా 20 కిలోజౌళ్లే, అందులో 15.4 మీ సూత్రం పట్టుకొనేదే. మీ 480 లీటర్ల గాలికి 10 కిలోవాట్లు. 14.9 కలిపితే 24.9, అంటే 7.1 టన్నులు. అక్కడ 7.5 టన్నుల యంత్రం హాయిగా నడవడానికి కారణం ఇదే, ఇక్కడ అది చాలకపోవడానికీ కారణం ఇదే.

ఇంకొక చుక్క కూడా పెట్టి చూడమని కోరుతాను, ఎందుకంటే థర్మామీటరును మాత్రమే నమ్మేవారికి ఇది మింగుడుపడదు. విశాఖలో వానాకాలపు రాత్రి, 26 డిగ్రీలు, 85 శాతం. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా. అయినా ఆ గాలిలో 18.1 గ్రాముల ఆవిరి ఉంది, ఎంథాల్పీ 72.2. అంటే హైదరాబాదులో రోడ్డు మీద తారు మెత్తబడే మే మధ్యాహ్నపు గాలీ, విశాఖలో ముసురు పట్టిన రాత్రి గాలీ కిలోకు దాదాపు ఒకే వేడిని మోసుకొస్తున్నాయి. మీ యంత్రానికి ఆ రాత్రి కూడా తీరిక ఉండదు.

డక్టుమేస్త్రి ఇచ్చిన జవాబు

వాయుగతి గారి అంకెలతో నాకు పేచీ లేదు. అయితే 11 టన్నులు అనే మాట విని, 2 టన్నుల స్ప్లిట్లు ఆరు గోడలకు బిగించుకొని, బయటి గాలికి కిటికీలో ఒక ఫ్యాను పెట్టుకొంటే లెక్క తీరిపోతుందని దయచేసి అనుకోవద్దు. తీర ప్రాంతంలో ఇలాంటి హాళ్లు చాలా చూశాను. రిమోట్ మీద 24 అని ఉంటుంది, గదిలో కూడా 24 ఉంటుంది, పుస్తకాల అట్టలు మాత్రం వంకర్లు తిరుగుతాయి, ఫాల్స్ సీలింగ్ పలకల మీద పసుపు మరకలు తేలుతాయి, కూర్చున్నవారికి చల్లగా ఉంటుంది గాని ఒళ్లు జిగటగానే ఉంటుంది.

కారణం కూడా ఆ చార్టులోనే ఉంది. మొత్తం భారంలో ఉష్ణోగ్రతకు సంబంధించిన వాటా ఎంతో చూడండి. గోడలు, దీపాల 8 కిలోవాట్లు, అరవై మంది శరీరాల నుంచి 70 వాట్ల చొప్పున 4.2, బయటి గాలి నుంచి 4.9, వెరసి 17.1. మొత్తం 38.7 లో ఇది 44 శాతమే. మిగిలిన 56 శాతం తేమ. మామూలు స్ప్లిట్ ఏసీ తన శక్తిలో సుమారు 70, 75 శాతాన్ని ఉష్ణోగ్రత దించడానికే వాడేలా తయారవుతుంది. దానిని పరీక్షించేటప్పుడు లోపలి గాలిని 27 డిగ్రీల డ్రై బల్బ్ (మామూలు థర్మామీటరు చూపేది), 19 డిగ్రీల వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) దగ్గర ఉంచుతారు. ఆ చుక్క పెట్టి చూడండి, దాదాపు 47 శాతం ఆర్ద్రత, శుభ్రమైన పొడి గది. మీ హాలు నుంచి తిరిగి వచ్చే గాలీ బయటి గాలీ కలిసి కాయిల్ దగ్గరికి వచ్చే మిశ్రమం 29.8 డిగ్రీలు, 17.3 గ్రాముల ఆవిరి, వెట్ బల్బ్ 24.5. యంత్రం పుట్టిన చోటు వేరు, మీరు దానిని దింపుతున్న చోటు వేరు.

ఆ మిశ్రమం చుక్క నుంచి, హాలుకు పంపవలసిన 13 డిగ్రీలు, 8.8 గ్రాముల చుక్కకు గీత గీసి, ఇంకా ఎడమకు పొడిగించండి. చార్టు పై అంచున ఉండే నూరు శాతం వక్రాన్ని అది తాకాలి. తాకిన చోటే కాయిల్ ఉపరితలం ఉండవలసిన ఉష్ణోగ్రత. మీ గీత తాకదు, వక్రానికి కొద్ది కిందనే దాని పక్కన సాగిపోతుంది. నిజమైన కాయిల్‌లో గాలి సరళరేఖలో నడవదు, చివరికి వచ్చేసరికి వక్రం వైపు వంగుతుంది కాబట్టి, గొట్టాల వరుసలు ఎక్కువగా ఉన్న లోతైన కాయిల్ ఆ చుక్క దగ్గరికి చేరగలదు. పలుచటి కాయిల్ ఉన్న స్ప్లిట్‌కు అది సాధ్యం కాదు. గది చల్లబడగానే థర్మోస్టాట్ తృప్తిపడి కంప్రెసర్‌ను ఆపేస్తుంది, లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంటే కాయిల్ రెక్కల మీద నిలిచిన నీరు తిరిగి ఆవిరై గదిలోకే వస్తుంది.

నా సలహా, బయటి గాలిని దాని యంత్రానికి అప్పగించి, గదిని దాని యంత్రానికి అప్పగించండి. ఆ 0.531 కిలోల బయటి గాలిని లోతైన కాయిల్ ఉన్న ప్రత్యేక యూనిట్‌లో 13 డిగ్రీల దగ్గర నూరు శాతం వక్రం దాకా దించితే దాని ఎంథాల్పీ 95.1 నుంచి 36.6 కు వస్తుంది, అందుకు 31.1 కిలోవాట్లు, 8.8 టన్నులు. 13 డిగ్రీలతో హాలులోకి వచ్చే ఆ గాలి, గది ఉష్ణోగ్రత భారంలో సగానికి పైగా, అంటే 6.5 కిలోవాట్లు తానే మోస్తుంది. తేమలో కూడా కొంత పీల్చుకొంటుంది. ఇక గదిలో మిగిలేది 5.7 కిలోవాట్ల ఉష్ణోగ్రత భారం, 1.9 కిలోవాట్ల తేమ భారం. మొత్తం 7.6, అంటే 2.2 టన్నులు, అందులో ఉష్ణోగ్రత వాటా 75 శాతం. స్ప్లిట్ ఏసీలు ఏ పనికి పుట్టాయో సరిగ్గా ఆ పనే వాటికి మిగులుతుంది. మొత్తం అదే 11 టన్నులు, పంపకం మాత్రం వేరు.

డ్రెయిన్ పైపు గురించి ఒక మాట, ఎందుకంటే దానిని చివర్లో గుర్తు చేసుకొంటారు. కాయిల్ మీద సెకనుకు 8.4 గ్రాముల నీరు దిగుతుంది. గంటకు 30 లీటర్లు, అందులో బయటి గాలి తెచ్చేదే 26 లీటర్లకు పైగా. సన్నటి పైపును వాలు లేకుండా సీలింగ్ మీద పరుచుకొంటూ పోతే మొదటి వానాకాలంలోనే హాలులో బకెట్లు పెట్టుకోవలసి వస్తుంది. యంత్రం తేమను నిజంగా తీస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం కూడా అక్కరలేదు. ముసురు పట్టిన రోజున ఆ పైపు కింద కొలత గుర్తులున్న బకెట్ పెట్టి గంట తరువాత చూడండి. అందులో పడిన లీటర్లను 2,500 తో గుణించి 3,600 తో భాగిస్తే ఎన్ని కిలోవాట్ల తేమ భారం తీస్తున్నదో తెలుస్తుంది.

సాగరతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. చార్టు కొనుక్కొని మీరు చెప్పిన చుక్కలన్నీ పెట్టి చూశాను, అంకెలు కలిశాయి. ఇప్పుడు మూడు విషయాలు మిగిలాయి. ఒకటి, 38.7 కిలోవాట్లను యంత్రపు సీఓపీతో (ఒక కిలోవాటు కరెంటుతో ఎన్ని కిలోవాట్ల వేడి తీస్తుందో చెప్పే అంకెతో) భాగించి, హాలు తెరిచి ఉండే గంటలతో గుణిస్తే నెల కరెంటు యూనిట్లు వస్తాయా? రెండు, వాయుగతి గారు హైదరాబాదుకు "ఆ ఎత్తుకు తగిన పీడనం" అన్నారు. నేను కొన్న చార్టు మీద 101.325 కిలోపాస్కల్ అని ఉంది, అది అక్కడికి పనికిరాదా? మూడు, మా భాగస్వామి ఏసీ వద్దు, పెద్ద డెజర్ట్ కూలర్లు చాలు, హైదరాబాదులో ఫంక్షన్ హాళ్లన్నీ వాటితోనే నడుస్తున్నాయి అంటున్నారు. ఆయనకు చార్టు మీద చూపించగల జవాబు ఉంటే చెప్పండి.

తడిబల్బు ఇచ్చిన జవాబు

మూడో ప్రశ్న సులువైనది కాబట్టి ముందు దానిని ముగిస్తాను. కూలర్ గాలి చార్టు మీద దాదాపు వెట్ బల్బ్ గీత వెంబడి ఎడమకు, పైకి జారుతుంది. వేడి తగ్గినంత మేరా తేమ పెరుగుతుంది. మంచి ప్యాడ్ ఉన్న కూలర్ డ్రై బల్బ్‌కూ వెట్ బల్బ్‌కూ మధ్య దూరంలో 80 శాతం నడుస్తుందనుకొందాం. హైదరాబాదులో ఆ రోజు వెట్ బల్బ్ 23 చిల్లర, కనుక 40 డిగ్రీల గాలి 26.5 డిగ్రీల దగ్గరికి వస్తుంది. విశాఖలో వెట్ బల్బ్ 29, కనుక 34 డిగ్రీల గాలి 30 దగ్గర ఆగిపోతుంది, అది కూడా 90 శాతం దాటిన తేమతో. మీ భాగస్వామి గారి చేతనే ఆ రెండు గీతలు గీయించండి.

ఎత్తు సంగతి. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్‌లు. సముద్రమట్టపు చార్టు మీద 40 డిగ్రీలు, 25 శాతం చుక్క పెడితే ఆవిరి 12.3 బదులు 11.5 గ్రాములుగా, ఎంథాల్పీ 72 బదులు 70 గా కనిపిస్తుంది. అయితే గది చుక్క కూడా అదే దిశలో తగ్గి 50.3 దగ్గర నిలుస్తుంది కనుక తేడా 20 కి బదులు 19.6 అవుతుంది. మరోవైపు, పలుచటి గాలిని చిక్కటిదనుకొని కిలోలు ఎక్కువ లెక్కిస్తాము. చివరికి 10 కిలోవాట్ల చోట 10.4 వస్తుంది. రీడింగ్ హాలుకు ఈ నాలుగు శాతం ప్రాణం మీదికి తెచ్చేది కాదు, కాని ఫ్యాన్లను, డక్టులను ఎంచేటప్పుడు ఎత్తును లెక్కలోకి తీసుకోవడమే పద్ధతి. విశాఖకు మీ చార్టు ఉన్నది ఉన్నట్టే పనికివస్తుంది.

ఇక కరెంటు. 38.7 ను 3.2 సీఓపీతో భాగిస్తే 12 కిలోవాట్లు వస్తుంది. అది కంప్రెసర్ మీద ఏడాదిలో పడే అతి పెద్ద భారం. దానిని అన్ని గంటలతో గుణిస్తే వచ్చేది మీ బిల్లు కాదు, కరెంటు కనెక్షన్ ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పే అంకె. బిల్లుకు కావలసింది గంట గంటకూ మారే చుక్కలు. ఇష్రే (భారత ఏసీ, శీతలీకరణ ఇంజినీర్ల సంఘం) వారు తయారుచేసిన గంటవారీ వాతావరణ దత్తాంశం విశాఖపట్నానికి కూడా ఉంది. అందులోని ప్రతి గంటకూ ఉష్ణోగ్రత, తేమ తీసుకొని, హాలు తెరిచి ఉన్న గంటలను మాత్రం ఉంచి, ఎంథాల్పీ ప్రకారం 5 కిలోజౌళ్ల గుంపులుగా విడదీయండి. 50 నుంచి 55 ఒక గుంపు, 55 నుంచి 60 ఇంకొకటి, అలా పైదాకా. ఉష్ణోగ్రత ప్రకారం గుంపులు చేయడం పాత అలవాటు. అలా చేస్తే ముసురు రాత్రి 26 డిగ్రీలూ పొడి ఉదయపు 26 డిగ్రీలూ ఒకే గుంపులో పడి మీ లెక్కను చెడగొడతాయి.

ఒక గుంపుకు లెక్క చేసి చూపిస్తాను. వాయుగతి గారు పెట్టిన వానాకాలపు రాత్రి చుక్కకు బయటి గాలి భారం కిలోకు 21.9 కిలోజౌళ్లు, గాలి 0.55 కిలోలు, వెరసి 12 కిలోవాట్లు. ఎండ లేదు కనుక గోడలు, దీపాలు, ల్యాప్‌టాప్‌లకు 8 బదులు 3 అనుకొందాం, మనుషులు నిండుగా ఉంటే 6.9. మొత్తం 22 కిలోవాట్లు. బయట చల్లగా ఉండడం వల్ల వేడిని బయటకు వదిలే కండెన్సర్‌కు సుఖం, సీఓపీ 4 దాకా రావచ్చు, అంటే 5.5 కిలోవాట్ల కరెంటు. ఏడాదిలో అలాంటి గంటలు ఎన్ని ఉన్నాయో దత్తాంశం చెబుతుంది. గుణించి, మిగిలిన గుంపులకూ అదే చేసి, కూడి, ఫ్యాన్ల వాడకం విడిగా కలపండి. ఈ రాత్రి భారంలో ఉష్ణోగ్రత వాటా 35 శాతానికి పడిపోతుందన్నది కూడా గమనించండి. మండే మధ్యాహ్నం కంటే ముసురు రాత్రే తేమను అదుపు చేయడం కష్టం.

స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది కదా అనవచ్చు. ఐసీర్ అనే ఆ వార్షిక సామర్థ్య కొలమానం 24 నుంచి 43 డిగ్రీల మధ్య బయటి ఉష్ణోగ్రతలకు, ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినది. ఒక యంత్రాన్ని ఇంకొక యంత్రంతో పోల్చడానికి అది చక్కగా పనికివస్తుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉండే మీ హాలుకు ఏడాదిలో 5,800 గంటలకు పైగా వస్తాయి, పైగా బయటి తేమ ప్రస్తావనే ఆ కొలమానంలో లేదు.

ఖర్చు తగ్గించే దారి అడగలేదు గాని, చార్టు మీద అది ఎదురుగానే కనిపిస్తోంది కనుక చెబుతున్నాను. హాలు నుంచి బయటకు పంపే గాలి 25 డిగ్రీలు, 50 శాతం, అంటే మీరు డబ్బు పోసి తయారుచేసుకొన్న గాలి. వేడినీ ఆవిరినీ రెండింటినీ మార్పిడి చేసే ఎంథాల్పీ చక్రం గుండా లోపలికి వచ్చే గాలినీ బయటకు పోయే గాలినీ ఎదురెదురుగా నడిపితే, 65 శాతం మార్పిడి జరిగినా 23.8 కిలోవాట్లలో 15.5 ఆదా అవుతుంది. మొత్తం భారం 23.2 కిలోవాట్లకు, 6.6 టన్నులకు దిగుతుంది, హైదరాబాదు హాలు కంటే తక్కువకు. వేడిని మాత్రమే మార్చే మామూలు చక్రం కొంటే మాత్రం ఇక్కడ మిగిలేది 3.2 కిలోవాట్లే, అమ్మేవారు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు, ఆవిరి మార్పిడి శాతం ఎంతో విడిగా రాసి ఇమ్మని అడగండి. మరుగుదొడ్ల గాలిని ఆ చక్రం దగ్గరికి రానివ్వకూడదు. ఉప్పు గాలికి రెక్కలు తినేయకుండా పూత ఉన్న కాయిల్ తీసుకోవడం బీచ్ రోడ్డు దగ్గర తప్పనిసరి.

హాలును 25 డిగ్రీలు, 50 శాతం బదులు 26 డిగ్రీలు, 55 శాతం దగ్గర ఉంచగలిగితే గది ఎంథాల్పీ 55.7 అవుతుంది, బయటి గాలి భారం 23.8 నుంచి 20.9 కి తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతుంటే ఎవరూ ఫిర్యాదు చేయరని నా అభిప్రాయం.

వాయుగతి

తడిబల్బు గారి గుంపుల పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తూ, ఒక చిన్న సవరణ. డిసెంబరు రాత్రుల్లో 20 డిగ్రీలు, 75 శాతం ఉన్న గాలి ఎంథాల్పీ 47.9, గది కంటే తక్కువ. ఎంథాల్పీని మాత్రమే చూసే కంట్రోలర్ అప్పుడు బయటి గాలి తలుపును బార్లా తెరిచి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కాని ఆ గాలిలో ఆవిరి 11 గ్రాములు, గది లక్ష్యమైన 9.9 కంటే ఎక్కువే. మొత్తం వేడి తక్కువగా ఉన్న గాలి తేమ కూడా తక్కువగా మోస్తుందన్న హామీ లేదు. రీడింగ్ హాలులో ఆ నెలన్నర పాటు ఆర్ద్రత 55, 60 శాతానికి పెరిగితే నష్టం లేదు, తెరవనివ్వండి. పాత పుస్తకాలు దాచే గది అయితే మాత్రం తెరవనివ్వకూడదు. ఈ చార్టుకు పునాది వేసిన విల్లిస్ కారియర్ 1902లో ఏసీ యంత్రం రూపొందించింది కూడా మనుషుల సుఖం కోసం కాదు, న్యూయార్కులోని బ్రూక్లిన్ ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోవడం వల్ల. లెక్కల సూత్రాలను ఆయన 1911లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘానికి సమర్పించారు.

సాగరతీరం గారు సరఫరాదారును అడగవలసిన ప్రశ్న ఇంకా ఒకటి మిగిలి ఉంది. మొదటి చుక్క పెట్టేటప్పుడు 34 డిగ్రీలు, 70 శాతం ఒకే గంటలో తీసిన విలువలా? వాతావరణ శాఖ ఆర్ద్రతను ఉదయం 8:30కీ, సాయంత్రం 5:30కీ విడివిడిగా ఇస్తుంది. ఉదయపు ఆర్ద్రతను తెచ్చి మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రతకు అతికించే అలవాటు ఈ వృత్తిలో ఉంది. 34 డిగ్రీలకు 85 శాతం అతికిస్తే ఎంథాల్పీ 109 దగ్గరికి పోతుంది, బయటి గాలి భారం 30 శాతం ఉబ్బుతుంది, అలాంటి గాలి విశాఖలో దాదాపు వీచదు. అటువైపు పొరపాటు కూడా తక్కువది కాదు: ఆర్ద్రతను 70 బదులు 65 గా చదివితే కిలోకు 4.5 కిలోజౌళ్లు తగ్గి, బయటి గాలి భారంలో పదో వంతు మాయమవుతుంది. గోడకు తగిలించే చౌక ఆర్ద్రతామాపకాలకు 5 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. అందువల్ల హాలు స్థలంలోనే, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, నీడలో, తడి గుడ్డ చుట్టిన బల్బున్న స్లింగ్ సైక్రోమీటరును తిప్పి, డ్రై బల్బ్, వెట్ బల్బ్ రెండూ ఒకేసారి చదివి రాసుకోండి. ఆ వెట్ బల్బ్ 29 దగ్గర ఉంటే కొటేషన్ మీద సంతకం చేయవచ్చు. 27 దగ్గరే ఉంటే ఇంకా కొన్ని మధ్యాహ్నాలు కొలిచి, ఆ అంకెలతో ఆయన చేతనే చుక్కలు మళ్లీ పెట్టించండి.